శాలువకును మల్లెలకును నడుమ

శివరాత్రికి చలి శివశివా యనుచు వెడలిపోవునని మన పెద్దలందురు. ఆ మాటను నమ్మి మఱునాడే పెట్టె తెఱచి, శాలువలను, కంబళ్లను, ఉన్నికోట్లను, పిల్లల కుళ్లాయిలను మడిచి లోపల పెట్టి తాళము వేయు ఇల్లాండ్రు మనలో అనేకులు. మేమును పెక్కేండ్లు అట్లే చేసితిమి. పెట్టె సర్దుటలో ఒక తృప్తి యున్నది. వంట రేపు మరల చేయవలెను, గిన్నెలు రేపు మరల తోమవలెను. తాళము వేసిన పెట్టె జోలికి మాత్రము ఎనిమిది నెలలు పోనక్కఱలేదు.

కాని చలి శివశివా యనుచు బయలుదేఱినను, వీథి మలుపున నిలిచి యొకమాఱు వెనుదిరిగి చూచును. మా యూరు గోదావరి కాలువ గట్టుననున్నది. మాఘ బహుళమునను, ఫాల్గుణ శుద్ధమునను తెల్లవాఱుజామున మా వాకిట నిలిచినచో కాలువ యావలి కొబ్బరిచెట్లు మంచులో కానరావు. ఆ దినముననే మధ్యాహ్నము రెండు గంటలకు విసనకఱ్ఱ లేక కూర్చుండలేము. ఒక్క దినములో రెండు ఋతువులు వచ్చిపోవు ఇట్టి దినములు ఇంచుమించు నెలన్నర సాగును. ఆ దినములలో భుజమున వేసికొనదగినదేది, తలలో తురుముకొనదగినదేది, పెట్టెలో పెట్టదగినదేది, ఎప్పుడు పెట్టవలెను అన్న సంగతులనే సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి. చీరల మాట ఇందు తక్కువ. చీర మార్చుట సులభము. ఋతువు మాఱుట చీరకన్న ముందుగా దాని వెంటనుండు చిన్న వస్తువులలో తెలియును.

కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతో మొదలిడి వసంతముతో ముగించెను. ఆ కడపటి సర్గలో జనులు బరువైన వస్త్రములను శీఘ్రముగా విడిచి, లత్తుకరసమున ఎఱ్ఱనద్దిన పలుచని వలువలను, కాలాగరు ధూపము పట్టినవానిని, ధరింతురని వర్ణించెను. చిన్ననాట మా తండ్రిగారియొద్ద ఆ సర్గ చదువుకొన్నప్పుడు మా మనస్సు ఆ ఎఱ్ఱని పలుచని వలువలయందే నిలిచినది గాని, ‘శీఘ్రముగా’ అను మాటను పట్టించుకొనలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పిన పద్ధతి వేఱు. ఒక ఋతువు చివరి యేడు దినములును, తరువాతి ఋతువు మొదటి యేడు దినములును కలిసి ఋతుసంధి యనియు, ఆ దినములలో వెనుకటి ఋతువునకు తగిన అలవాట్లను క్రమముగా విడుచుచు, రాబోవు ఋతువునకు తగినవానిని క్రమముగా చేకొనవలెననియు, ఒక్కుమ్మడిగా మార్చుకొన్నచో రోగములు కలుగుననియు ఆయన మతము. మాఘ ఫాల్గుణములు శిశిరము, చైత్ర వైశాఖములు వసంతము. కావున మన ఉగాది సరిగా ఆ సంధికి నడుమ పడును. మా ప్రాంతమున ఎండలు అంతకు మున్నే ముదురును గనుక మేము ఆ పదునాలుగు దినముల లెక్కను కొంత ముందునకు జరుపుకొందుము. లెక్క ఎట్లున్నను పద్ధతి మంచిది. కవి త్వరపెట్టుచున్నాడు, వైద్యుడు నిదానింపుమనుచున్నాడు. ఋతుసంహారము వ్రాయునాటికి కాళిదాసు ఇంట ముసలివారు గాని, పసివారు గాని ఉన్నట్లు మాకు తోపదు.

మేము వైద్యుని పక్షమున చేరుటకు కారణమొకటి యున్నది.

మా అత్తగారికి గోధుమవన్నె కాశ్మీరపు శాలువ యొకటి కలదు. చుట్టును సన్నని మామిడిపిందెల కుట్టుపని. మా మామగారు బ్రతికియుండగా కొనిపెట్టినది. మూడేండ్ల క్రిందట శివరాత్రి మఱునాడు మేము అలవాటు చొప్పున ఉన్నిబట్టలన్నియు ట్రంకు పెట్టెలో సర్ది తాళము వేసితిమి. అత్తగారి మంచపు కోడుమీదనున్న ఆ శాలువను కూడ తీసి మడిచి పెట్టితిమి. ఆమె చూచుచునే యుండిరి, ఏమియు ననలేదు. ఆమె ప్రతిదినము తెల్లవాఱకమున్నే కోవెలకు పోవుదురు. ఆ దినము మొదలు నూలుచీర చెఱగునే రెండు చుట్లు చుట్టుకొని మంచులో పోయివచ్చుచుండిరి. మేము అప్పుడు వంటయింట నుందుము. పిల్లల బడివేళ, వారి తండ్రిగారి బడివేళ ఒకటే కదా. మేము చూడలేదు. ఎనిమిదవనాడు దగ్గు పట్టుకొన్నది. పది దినములు మంచము దిగలేదు.

శాలువ లేకపోవుటవలననే దగ్గు వచ్చినదని వైద్యుడు చెప్పలేదు. జలుబు ఒకరినుండి యొకరికి అంటునది. మా చిన్నవాడు బడినుండి తెచ్చియుండవచ్చును. కాని ఆమె వారము దినములు చలిలో వణకుచు నడచిన మాట నిజము. “కావలెనని యొక్కమాట అడుగరాదా అత్తయ్యా?” అని మేము కంట తడి పెట్టుకొన్నప్పుడు, “తాళము వేసితివి గదే అమ్మాయీ, మరల తీయించుట ఎందుకని ఊరకుంటిని” అనిరి. తాళపుచెవి మా నడుమున వ్రేలాడుచున్నది. ఆ మాట విన్నప్పుడు దాని బరువు మాకు తెలిసినది.

ఇంతటితో పోలేదు. ఆ యేడు కార్తికమాసమున పెట్టె తెఱచి చూడగా శాలువకు ఏడు చోట్ల చిల్లులు. మడతలోపల, పాలచుక్క యొకటి పడి ఎండిన తావున, మూడు చిల్లులు ఒక్కచోటనే యున్నవి.

చిమ్మెటను గూర్చి మాకు అప్పటికి సరిగా తెలియదు. ఎగురుచు కనబడు ఆ చిన్న పసుపువన్నె రెక్కలపురుగు బట్టను కొఱుకదు. దానికి తినుటయే లేదు. అది పెట్టు గ్రుడ్లనుండి వెడలు తెల్లని పురుగులే ఉన్నిని తినును. ఉన్ని, పట్టు, ఈకలు మొదలగు ప్రాణిజన్యములే వాని కాహారము. శుభ్రమైన నూలు వానికి రుచింపదు. చెమట, నూనె, ఆహారపు మఱక అంటిన తావు వానికి మఱింత ప్రీతి. చీకటియు, కదలిక లేకుండుటయు కావలెను. అనగా, ఉతుకని శాలువను మడిచి తాళము వేసి ఎనిమిది నెలలు ముట్టకుండుట యనునది వానికి విందు పెట్టుటయే.

ఇప్పుడు మేము చేయు పద్ధతి ఇది. పెట్టెలో పెట్టుటకు ముందు ప్రతి ఉన్నిబట్టయు ఉతుకబడవలెను, ఒక్కమాఱే కప్పుకొన్నదైనను. చల్లనీటిలో కుంకుడుకాయ పులుసును పలుచగా కలిపి, బట్టను ముంచి, చేతులతో మెల్లగా అదుముదుము. రుద్దరాదు, పిండరాదు. ఉన్నిపోగునకు చేపపొలుసువంటి పొలుసు లుండును. వేడినీటిలో నలిపినచో ఆ పొలుసులు ఒకదానితో నొకటి చిక్కుకొని బట్ట దిమ్మెగట్టి కుంచించుకొనిపోవును. మరల సాగదు. మా పిల్లవాని కుళ్లాయి యొకటి అట్లే బొమ్మకు సరిపోవునంత ఐనది. తడిసిన శాలువను తీగెమీద వ్రేలాడవేయక, తువ్వాలుపై పఱచి నీడను ఆఱబెట్టవలెను. బాగుగా ఆఱిన పిదప ఒక పూట ఎండలో దులిపి, కుంచెతో మడతల వెంట తుడిచి, పాత నూలుగుడ్డలో మూటగట్టవలెను. నెలకొక మాఱైనను మూట విప్పి దులుపుట మఱువరాదు. పురుగు పట్టెనేమో యని అనుమానమున్నచో, సంచిలో గాలి చొరకుండ మూసి, మంచు గడ్డకట్టు శీతలపు పెట్టెలో రెండు వారము లుంచినచో గ్రుడ్లు కూడ చచ్చును. మొదట మా అత్తగారు పచ్చళ్లకు అంటు తగులునేమో యని సందేహించిరి. సంచి మూత చూపిన పిదప ఒప్పుకొనిరి.

వేపాకు, వసకొమ్ము, ఎండిన దవనము పెట్టుట మన పెద్దల నాటిది. మేమును పెట్టుచున్నాము, వాసన బాగుండును. కాని వానిని నమ్మి ఉతుకుట మానరాదు. బట్టలో అప్పటికే చేరిన పురుగును ఆ వాసన చంపదు. ఆకు పచ్చిగా నున్నచో మఱక పడును.

నాఫ్తలీను ఉండల విషయమై మాత్రము గట్టిగా చెప్పవలసియున్నది. చంటిబిడ్డలున్న యింట వానిని వాడరాదు. జీ-సిక్స్-పి-డి అను ఎంజైము రక్తకణములలో పుట్టుకతోనే కొఱవడిన బిడ్డలు కొందఱుందురు. పైకి ఏమియు తెలియదు. అట్టి శిశువునకు ఆ ఉండల నడుమనున్న దుప్పటిని నేరుగా తీసి కప్పినచో, ఆ ఆవిరికే రక్తకణములు చిట్లి, బిడ్డ పాలిపోయి, పచ్చకామెర్లు ముదిరి ప్రాణాపాయము కలుగవచ్చును. ఇది వైద్యులు పలుమాఱు చూచిన సంగతి. పురిటికి వచ్చిన కూతునకై, పుట్టిన మనుమనికై, అమ్మమ్మ లెంతో ముద్దుగా పాత పెట్టె తెఱచి మెత్తని దుప్పటి తీయుదురు. తీయకముందే ఈ సంగతి జ్ఞప్తికి రావలెను. ప్రాకు బిడ్డలు ఆ ఉండలను మిఠాయి యనుకొని నోట పెట్టుకొను భయము వేఱే యున్నది.

మా శాలువను రఫూ పనివాని కిచ్చితిమి. అతడు చిల్లు చుట్టునున్న నేతను చూచి, పడుగు పోగులను, పేక పోగులను సూదితో మరల అల్లెను. మూడు వారములు పట్టినది. కూలి మా వారి జీతములో చెప్పుకోదగిన భాగమే; ఆయన మాట్లాడలేదు గాని లెక్కల పుస్తకములో ఆ పద్దు కడ నొక చిన్న గీత గీసిరి.

ఇక శాలువ తీసివేసి మల్లెలు వచ్చువఱకు భుజమున నేమి యుండవలెను? మా అనుభవమున దీనికి సరియైన సమాధానము పలుచని నూలు పైవస్త్రమే. ఉత్తరీయ మనుడు, కండువా యనుడు, పై దుప్పటి యనుడు. రెండున్నర గజముల నిడివి, గజమునకు కొంచెము మించిన వెడల్పు చాలును. తెల్లవాఱుజామున దానిని రెండు మడతలుగా మడిచి కప్పుకొన్నచో, మడతల నడుమ చిక్కిన గాలియే వెచ్చదన మిచ్చును. ఒక దళసరి బట్టకన్న రెండు పలుచని మడతలు మేలగుట ఇందువలననే. ఎనిమిది గంటలకు ఒంటిపొరగా భుజమున వేసికొనవచ్చును. మధ్యాహ్నము సంతకు పోవునప్పుడు తలపై కప్పుకొన్నచో ఎండ తగులదు. రైలులో పిల్లవాడు నిద్రించినచో అదే పఱుపు, అదే దుప్పటి. శాలువ ఒక్క పనియే చేయును.

దీనికై కొత్తగా కొనవలసిన పని లేదు. నడుమ చిరిగి అంచులు బాగుగానున్న మంగళగిరి నూలుచీర ప్రతి యింటను ఒకటైన నుండును. ఆ చీరలో ఒడలంతయు సాదాగానుండి అంచున మాత్రము సన్నని జరీ యుండుటచే, పైట కొంగువైపున రెండున్నర గజములు కత్తిరించి చివరలు కుట్టుకొన్నచో అచ్చముగా పైవస్త్రముగానే నేసినట్లుండును. పాతనూలు ఉతుకుల మీద మెత్తబడియుండును గనుక ముసలివారి చర్మమునకు మఱింత సుఖము. కొనదలచినవారికి మన దేశమున కొఱతయా? శ్రీకాకుళము జిల్లాలోని పొందూరు ఖద్దరు చూచినవారెఱుగుదురు. అచ్చటి స్త్రీలు ప్రత్తిని వాలుగచేప దవడతో దువ్వి శుభ్రపఱచి, అతి సన్నని నూలు వడకుదురు. చేపపండ్లు దువ్వెనయై నూలు తీయుట మొదటిమాఱు విన్నప్పుడు మేము పరిహాసమనుకొంటిమి. ఆ వస్త్రము ఖరీదు ఎక్కువయే. కాని ఒక పైవస్త్రము పదేండ్లు వచ్చును. తెలంగాణమున పోచంపల్లి నేతవారు పోగుకు ముందే ముడి వేసి రంగు లద్ది నేయు నూలు దుప్పట్టాలును ఈ పనికి యోగ్యములే. ముదురు రంగులుగనుక ఫాల్గుణపు దుమ్ము కానరాదు. పట్టు పైవస్త్రము చూచుటకు సొంపే గాని, ఈ ఋతువున మధ్యాహ్నపు చెమట దానికి శత్రువు.

కాశ్మీరపు శాలువ కొనవలెనన్న కోరిక గలవారికి మాట వరుసకొకటి చెప్పెదము. లదాఖు మేకల లోపలి నూగుతో నేసినది పశ్మీనా. దాని పోగు మన వెండ్రుకలో నాలుగవ వంతైనను లావుండదు. మేకను చంపనక్కఱలేదు, దువ్వి తీయుదురు. ‘షాతూషు’ అని చెప్పి రహస్యముగా అమ్మువారి జోలికి మాత్రము పోరాదు. అది చిరు అను టిబెట్టు జింకను చంపి తీసిన నూగు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దాని వ్యాపారము మన దేశమున నేరము.

పువ్వుల మాట చెప్పక ఈ ఋతుసంధి ముగియదు. మనకు పువ్వును మించిన యలంకారమేది? చలికాలమంతయు చేమంతి యేలును. మాఘము గడచుసరికి దాని రేకులు సన్నబడి, అంచులు మాడి, బుట్టలో అడుగుననుండును. మల్లె ఇంకను రాలేదు. ఫాల్గుణమున వచ్చు తొలిమొగ్గలు మూర కొనుటకు చేయి సాగని ధర పలుకును, అందులోను వాసన పలుచన. ఈ నడిమి దినములలో మేము కనకాంబరమును, మరువమును, దవనమును కలిపి కదంబముగా కట్టుకొందుము. కనకాంబరమునకు రంగు గలదు, వాసన లేదు. దవనమునకు వాసన గలదు, రంగు లేదు. బూడిదవన్నె దవనపు రెమ్మ చూచుటకు ఎండినదానివలె నుండును, కాని నలిపిన వ్రేళ్లను సాయంకాలమువఱకు వాసన విడువదు. చైత్రమున దేవునికి దవనము సమర్పించుట మన ఆలయములలో ఆచారము గనుక ఆ దినములలో సులువుగా దొరకును. జడలో వాడిన దవనమును పాఱవేయక, నీడను ఎండబెట్టి గుడ్డసంచిలో కట్టి చీరల నడుమ పెట్టవచ్చును.

రవికల సంగతి రెండు మాటలు. ముఖమలు రవికలు, మోచేయి దాటిన చేతులవి, ఉగాదికి ముందే కట్టిపెట్టవచ్చును. వానికి చిమ్మెట భయము తక్కువ, చెమట భయ మెక్కువ. గొడుగును శివరాత్రినాడే దింపి ఊచలు తుప్పు పట్టెనేమో చూడవలెను, ఎండ ముదిరిన పిదప బాగుచేయువాడు దొరకడు. వట్టివేళ్ల విసనకఱ్ఱ నీరు చల్లినగాని వాసన ఈయదు. కరెంటు పోయిన మధ్యాహ్నమునగాని దాని విలువ తెలియదు.

పెట్టె సర్దుటలో మేము చేసికొన్న మార్పు ఒక్కటే. ఒక దినమున సర్దుట మానితిమి. మొదట శివరాత్రి పిదప మా శాలువలు, మా వారి ఉన్నికోటు ఉతికి పెట్టుదుము. పదిదినము లాగి పిల్లలవి. వారి కుళ్లాయి లొక జత మాత్రము గూటిలో విడిచియుంచుదుము, రాత్రి బండిలో ప్రయాణము తటస్థింపవచ్చును. అత్తగారి శాలువ కడపటిది. దానిని మేము తీయము. పైవస్త్ర మొకటి మడిచి దాని ప్రక్కన మంచపు కోడుమీద వేసియుంచుదుము; ఏది కావలెనో తెల్లవాఱుజామున వాకిట నిలిచి ఆమెయే నిశ్చయించుకొందురు. ట్రంకు పెట్టె తాళపుచెవియు ఇప్పుడు గోడమీది కొక్కెమున నున్నది.

ఈ యేడు ఉగాది గడచి నాలుగు దినములైనను శాలువ కోడుమీదనే యున్నది. మధ్యాహ్నము ఎండ నిప్పులు చెఱుగుచున్నది. మాకు చేతులు దురదగొన్నవి గాని ఊరకుంటిమి. ఐదవనాటి యుదయమున అత్తగారు కోవెలనుండి పైవస్త్రముతోనే వచ్చి, శాలువను తామే తెచ్చి నూతిపళ్లెముకడ పెట్టి, “కుంకుళ్లు నానవేసితివా అమ్మాయీ?” అని యడిగిరి.